లాకుల దగ్గర

గోదావరి జిల్లాల్లో ఇంటికి వేసేది తాళం. లాకులు కాలవ మీద ఉంటాయి. ఊరెళ్ళేటప్పుడు "తాళం వేశావా?" అని అడుగుతారు, తాళంచెవి బొడ్లో దోపుకుంటారు, తాళంకప్ప తుప్పు పడితే కొబ్బరినూనె రాస్తారు. ఇంటి సంగతుల్లో లాకు అన్న మాట మా పెద్దవాళ్ళ నోట నేనెప్పుడూ వినలేదు. ఆ మాట నీళ్ళది. "లాకులండీ, లాకులు! దిగేవాళ్ళు ముందుకి రండి" అని బస్సులో కండక్టరు కేకేస్తే సంచులు సర్దుకుని దిగిపోతారు. అక్కడ ఓ వంతెన, వంతెన పక్కన ఇనుప షట్టర్లు, వాటిని ఎత్తే చక్రాలు, గోడ మీద అడుగులూ అంగుళాలూ రాసిన నీటి కొలత, ఓ టీకొట్టు, ఓ పాత చెట్టు ఉంటాయి. షట్టర్ల కింద నుంచి నీళ్ళు నురగలు కక్కుతూ పడుతుంటాయి. ఆ హోరు వినబడిందంటే లాకులు వచ్చినట్టే. కళ్ళు మూసుకుని కూచున్నవాడికైనా తెలిసిపోతుంది.

డెల్టాలో లాకులు లేని చిరునామా తక్కువ. "లాకులు దాటాక కుడిచేతివైపు మూడో ఇల్లండి." "లాకుల అవతల మాకు రెండెకరాలుంది." "సాయంత్రం లాకుల దగ్గర కలుద్దాం." ఎప్పుడూ బహువచనమే. మా వాళ్ళకి వ్యాకరణం తెలియక కాదు, తలుపులు జంటలు జంటలుగా ఉంటాయి కాబట్టి. ఒకటే లాకు అనేది ఆఫీసు కాగితాల్లోనే కనిపిస్తుంది, లాకు సూపరింటెండెంటు అనే ఉద్యోగం పేరులో. రైతుకి మాత్రం అవి లాకులే. "లాకుల కాడ ఎంత పారుతోందిరా?" అన్న ప్రశ్న ఆకుమడి వేసిన రోజు నుంచి చేను కోసేదాకా పొద్దున్నా సాయంత్రం వినపడుతుంది. సార్వాకి, అంటే వానాకాలం పంటకి, బెంగలేదు, పైన వానలుంటాయి. దాళ్వాలో, రెండో పంటకి వంతులవారీగా నీళ్ళిచ్చేటప్పుడు శివారు రైతు గుండె లాకుల దగ్గరే కొట్టుకుంటుంది.

అసలు ఇంగ్లిషులో ఈ మాటకి పాత అర్థం గడియ, అడ్డుకర్ర. మూసి కట్టిపెట్టిన చోటుకీ అదే పేరు. అక్కడి నుంచి ఎన్ని దారులు చీలిందో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. మన దాకా వచ్చినవే చాలా ఉన్నాయి. పోలీసు స్టేషన్లో లాకప్పు. మిల్లు గేటుకి నోటీసు అంటించి కూలీలని బయట నిలబెడితే లాకౌటు. బ్యాంకులో లాకరు, పెళ్ళిళ్ళ కాలంలో ఆడవాళ్ళు పాసుబుక్కు పట్టుకుని పొద్దున్నే వెళ్ళి నెక్లెసులు తెచ్చుకునేది అందులోంచే. కారుకి సెంట్రల్ లాకు. టీవీ పోటీల్లో జవాబు లాక్ చేస్తారు. "నాన్నా, నా ఫోను లాకయిపోయింది" అని పిల్లలు ఏడుపు మొహం పెడతారు. వీటన్నిట్లోనూ ఉన్నది ఒకటే పని, మూయడం. లోపలున్నది బయటికి పోకుండా, బయటున్నది లోపలికి రాకుండా.

కాలవ మీది లాకు వాటికి చుట్టమే, గుణం మాత్రం వేరు. అది దాటించడానికి మూసుకుంటుంది. ఈ సంగతి చెప్పాలనే ఇదంతా రాస్తున్నాను. ఎందుకంటే దాటించడం ఆగిపోయి చాలా కాలమైంది. మాట మిగిలింది, పని పోయింది.

ఆ పని ఎలా వచ్చిందో చెప్పుకోవాలి. 1830ల్లో ఈ గడ్డ అన్నపూర్ణ కాదు. 1833 కరువు, 1839లో కోరంగిని ముంచిన ఉప్పెన. 1821 నుంచి 1841 లోపల రాజమండ్రి జిల్లా జనాభా పెరక్కపోగా తగ్గిపోయింది. పక్కనే గోదావరి నిండుగా పారి సముద్రంలో కలుస్తుంటే, గట్టున మనుషులు తిండిలేక పోయారు. 1844లో ఇంగ్లిషు ఇంజినీరు ఆర్థర్ కాటన్ ఈ జిల్లాకి వచ్చి చూశాడు. ధవళేశ్వరం దగ్గర నది లంకల మధ్య నాలుగు పాయలవుతుంది. పక్కనే కొండ ఉంది, కావలసినంత రాయి ఉంది. 1847లో పని మొదలై 1852కి ఆనకట్ట పూర్తయింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం, నాలుగు పాయల మీద నాలుగు ముక్కలు. దొరల వెనక నిలబడి వేలమంది కూలీల చేత ఆ రాయి మోయించి పేర్పించిన వీణెం వీరన్నగారిని కూడా తలుచుకోవాలి. కాటన్ విగ్రహాలున్నన్ని ఊళ్ళలో ఆయన విగ్రహాలు లేవు.

తూర్పుకి ధవళేశ్వరం నుంచి, మధ్య డెల్టాకి బొబ్బర్లంక నుంచి, పడమరకి విజ్జేశ్వరం నుంచి కాలవలు బయల్దేరాయి. ఇక్కడే కాటన్ ఆలోచన మామూలు ఇంజినీరు ఆలోచన కంటే ఒక మెట్టు పైకి వెళ్ళింది. కాలవ పొలానికి నీరిస్తే సరిపోదు. పండిన ధాన్యం రేవుకి చేరాలి, లేకపోతే రైతు చేతికి రూపాయి రాదు. ఆ రోజుల్లో డెల్టాలో రోడ్డంటే బురద. నల్లరేగడిలో వానాకాలం బండి దిగబడిందంటే ఎద్దులు ప్రాణం మీదికి తెచ్చుకోవాల్సిందే. అందుకని ప్రతి పెద్ద కాలవా పడవ నడిచేలా తవ్వించాడు. నీటి దారే బండి దారి.

అయితే ఒక చిక్కుంది. కాలవ సముద్రం వైపు పల్లానికి దిగాలి. ఏకబిగిన దిగితే నీరు జోరందుకుని గట్లు కోసేస్తుంది, పడవ ఎదురెక్కలేదు. కాబట్టి కాలవని దాదాపు మట్టంగా నడిపించి, కొన్ని మైళ్ళకోసారి ఒక్కసారిగా కిందికి దింపాలి. ఆ దిగేచోట నీరు షట్టర్ల మీదుగా పడిపోతుంది, సరే. మరి పడవ? పడవ కోసం పక్కనే రాతిగోడలతో పొడవాటి తొట్టి కట్టి, దానికి ఎగువనో జత తలుపులు, దిగువనో జత తలుపులు పెట్టారు. అదీ లాకు.

దాని పని తీరు ఒకసారి నిదానంగా చూడండి. కింద నుంచి వచ్చిన పడవ తొట్టిలోకి వస్తుంది. వెనక తలుపులు మూస్తారు. ముందు తలుపుల్లో అడుగున ఓ చిన్న షట్టరుంటుంది, తలుపులో తలుపన్నమాట. దాన్ని ఎత్తితే ఎగువ నీళ్ళు తొట్టిలోకి దూకుతాయి. తొట్టి నిండేకొద్దీ పడవ పైకి లేస్తుంది. లోపలి నీళ్ళూ బయటి నీళ్ళూ ఒక మట్టానికి వచ్చాక ముందు తలుపులు తెరిస్తే పడవ ఎగువ కాలవలోకి సాగిపోతుంది. దిగేటప్పుడు ఇదే వరసని తిరగేస్తారు. ఇంజను లేదు, కరెంటు లేదు, బొగ్గు లేదు. పడవని ఎత్తేది నీళ్ళ బరువే.

ఆ తలుపుల పొందిక ఇంకా గొప్పది. రెండు రెక్కలూ తిన్నగా ఒక గీత మీద కలవవు, నమస్కారం పెట్టబోయి ఆగిన అరచేతుల్లా ఎగువకి మొన తేలి కలుస్తాయి. పై నీటి ఒత్తిడి ఎంత పెరిగితే అవి అంత గట్టిగా ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. తాళం అక్కర్లేదు, గడియ అక్కర్లేదు. రెండువైపులా నీటి మట్టంలో తేడా ఉన్నంతసేపూ పదిమంది బలవంతులు కలిసి తోసినా కదలవు. మట్టాలు సమానమయ్యాయంటే ఇద్దరు మనుషులు దూలం పట్టుకుని నడిస్తే చాలు, తెరుచుకుంటాయి. లోకంలో ఉన్న లాకులన్నీ తాళంచెవి ఉన్నవాడికి తెరుచుకుంటాయి. ఈ లాకు మాత్రం రెండు పక్కలా సమానమైతేనే తెరుచుకుంటుంది. చిన్నప్పుడు ఇది నాకెవరూ చెప్పలేదు. పెద్దయ్యాక అర్థమైన రోజున, ఇన్నేళ్ళూ రోజూ దాటుకుంటూ పోయిన ఆ పాత గోడల మీద ఎక్కడలేని గౌరవం కలిగింది. 1914లో తెరిచిన పనామా కాలవలో ఓడలని 26 మీటర్ల ఎత్తుకి ఎక్కించి దించుతున్నదీ ఈ సూత్రంతోనే, ఇలాంటి జంట తలుపులతోనే. దానికి అరవై ఏళ్ళ ముందే మన ధాన్యం పడవలు ఆ మెట్లెక్కి దిగాయి.

మా అమ్మమ్మ కాపరానికి వచ్చింది పడవలోనే. తాడు భుజాన వేసుకుని గట్టు వెంట మనుషులు లాగే గూడుపడవ. గాలి వాలుగా ఉంటే తెరచాప ఎత్తేవారు, లేకపోతే తాడే. పందిరి మంచం, ఇత్తడి సామాను, పసుపు రాసిన సారె బిందెలు, ఓ ముసలి పేరంటాలు, ఇంత సరంజామాతో ఆ ప్రయాణం సాగిందట. లాకుల సంగతి ఆవిడ చెప్పిన తీరు నేను మరచిపోలేను. తొట్టిలోకి పడవ వెళ్ళగానే చుట్టూ నాచు పట్టిన తడి రాళ్ళు తప్ప ఏమీ కనబడవు. పైన ఓ ముక్క ఆకాశం. చల్లగా నీటి వాసన. అప్పుడు ఎక్కడో అడుగున గుడగుడమంటూ నీళ్ళు రావడం మొదలవుతుంది. పడవ కదిలినట్టే ఉండదు గానీ గోడలు కిందికి దిగిపోతుంటాయి. ముందు గట్టు మీద నిలబడ్డవాళ్ళ పాదాలు కనిపిస్తాయి, తరవాత మోకాళ్ళు, తరవాత చంకన పిల్లలు, ఆఖరికి మొహాలు. "కొత్త పెళ్ళికూతురే" అని వాళ్ళు, "ఏ ఊరర్రా మీది?" అని పడవలోవాళ్ళు. అంతదాకా ఎవరికెవరో తెలియనివాళ్ళు ఒక్క మట్టానికి వచ్చేసరికి మాటలు కలిసేవట. పడవలు బారులు తీరితే వంటలు కూడా అక్కడే, గట్టు మీద మూడు రాళ్ళు పెట్టుకుని. లాకుల దగ్గర టీకొట్లూ దుకాణాలూ ఎందుకు పుట్టాయో, వారపు సంతలు కొన్ని అక్కడికే ఎందుకు చేరాయో దీన్నిబట్టి తెలుస్తుంది. జనం ఆగే చోట బజారు మొలుస్తుంది.

ఆ రోజుల్లో రాజమండ్రిలో ఎక్కిన సరుకు విజ్జేశ్వరం లాకులు దిగి, ఏలూరు కాలవ పట్టి, బెజవాడ దగ్గర కృష్ణ దాటి, కొమ్మమూరు కాలవ మీదుగా బకింగ్‌హామ్ కాలవలో పడి మద్రాసు దాకా నీటి మీదే పోయేది. ఇటు కాకినాడ రేవుకీ అంతే. ధాన్యం, బెల్లం, కొబ్బరికాయ, కలప, సున్నం, ఇసుక. పుస్తకాలు కూడా. కృష్ణా డెల్టాలో 1935లో పాతూరి నాగభూషణంగారు కాలవ మీద పడవ గ్రంథాలయం నడిపారు. గోదావరి మధ్య డెల్టాలోని పి.గన్నవరం దగ్గరైతే కాలవ ఏకంగా వైనతేయ గోదావరిని 49 కమానుల వంతెన మీద దాటి నగరం లంకలోకి వెళ్ళేది. ఆ పాత కట్టడం పక్కనే 2000లో కట్టిన కొత్తదానికి, ఆకలితో వచ్చినవాళ్ళెవరికీ లేదనకుండా అన్నం పెట్టిన డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. అంతకంటే తగిన పేరు ఆ నీటికి దొరకదు.

ఇంగ్లిషుతో ఈ మాటల వ్యాపారంలో మనం పుచ్చుకోవడమే కాదు, ఇచ్చాం కూడా. మన ఆనకట్ట, తమిళుల అణైకట్టు, ఈ దక్షిణాది మాటే ఆనికట్ అయి ఇంగ్లిషు నిఘంటువుల్లోకి ఎక్కింది. నీళ్ళకి అడ్డం వేసే మాట మనది, పడవని దాటించే మాట వాళ్ళది. ఇంగ్లిషు మాటలు తెలుగుని మింగేస్తున్నాయని బాధపడేవాళ్ళలో నేనూ ఒకణ్ణి. లాకు విషయంలో మాత్రం ఆ బాధ లేదు. ఇది బడి చదువుతో వచ్చిన మాట కాదు, హోదా కోసం పలికే మాట కాదు. షట్టర్లెత్తే చదువురాని లస్కరు, పడవ సరంగు, ఆకు మోసే కూలీ వాడి వాడి దాన్ని తెలుగు చేశారు. చివర ఉకారం తగిలించి, లు చేర్చి, కాడ, కింద, అవతల అనే మాటల్తో కట్టేసి ఇంట్లోకి తెచ్చుకున్నారు. దాన్ని ఇప్పుడు తీసేసి 'జలబంధం' అనో మరొకటనో పెడితే పలికే నాథుడుండడు.

పడవలు ఎందుకు పోయాయంటే, దారి మారింది. రాజమండ్రిలో గోదావరి మీద రైలు వంతెన 1897లో మొదలై 1900 ఆగస్టు 30న తెరుచుకుంది. అప్పటి మద్రాసు గవర్నరు హేవలాక్ పేరు పెట్టారు దానికి. ఆ పేరులోని లాక్‌కీ మన లాకుకీ చుట్టరికం లేదుగానీ, ఒకటి వచ్చాక రెండోదాని కళ తగ్గడం మాత్రం నిజం. రైలు వచ్చింది, తరవాత తారురోడ్లు వచ్చాయి, లారీ వచ్చింది. కాటన్‌కి ఇది ముందే కనబడింది. 1878లో బ్రిటిషు పార్లమెంటు సెలెక్ట్ కమిటీ ముందు కూర్చుని, ఈ దేశానికి కావలసింది చవకైన నీటి దారులు, రైళ్ళ మీద పోసే డబ్బులో కొంత కాలవల మీద పెట్టండి అని గట్టిగా వాదించాడు. అక్కడివాళ్ళు వినలేదు. ఇప్పుడు డీజిలు ధర చూసినప్పుడల్లా ఆ ముసలాయన మాట నాకు గుర్తొస్తుంది. ఆయన అన్నీ సరిగ్గా చెప్పాడని కాదు. ఈ ఒక్కటీ సరిగ్గా చెప్పాడు.

పాత ఆనకట్ట స్థానంలో 1970లో మొదలుపెట్టి 1982కి బ్యారేజి కట్టారు, 175 గేట్లతో. పది లక్షల ఎకరాల ఆయకట్టుకి అది ఆధారం. ఆ పనికి వంక పెట్టేవాడెవడూ లేడు. కానీ కాలవల మీద లాకుల తొట్టెలు మాత్రం పనిలేక పాడుపడ్డాయి. చాలాచోట్ల తలుపులు ఊడిపోయాయి, కొన్నిచోట్ల అడ్డంగా గోడ కట్టేశారు. ప్లాస్టిక్ సంచులు, కొబ్బరి డొక్కలు, గుర్రపుడెక్క. లాకులెత్తారు అన్నా, దించారు అన్నా ఇప్పుడది పక్కనున్న షట్టర్ల మాటే.

2020 మార్చిలో కరోనాతో పాటు ఒక కొత్త మాట వచ్చింది, లాక్‌డౌన్. పది రోజుల్లో పసిపిల్లల నోటికి కూడా పట్టింది. ఊళ్ళ పొలిమేరల్లో కంపలు, వెదుళ్ళు అడ్డం వేశారు. పక్కింటివాళ్ళని చూసి తలుపులేసుకున్నాం. ఆ రోజుల్లో దాళ్వా చేలు పాలు పోసుకుని గింజ గట్టిపడుతున్నాయి. కాలవ ఆగితే అంతా తాలే. దేశమంతా మూసుకుపోయిన ఆ వారాల్లోనూ మొహానికి తువ్వాలు చుట్టుకున్న లస్కర్లు షట్టర్లెత్తుతూ దించుతూ కనిపించారు. ఒకే ఇంగ్లిషు మాట ఊరినంతా మూసింది, అదే మాట పేరున్న చోట నీళ్ళు కదులుతూనే ఉన్నాయి. ఆ మనుషులకి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆ ఏడాది మన కంచంలోకి వచ్చిన అన్నంలో వాళ్ళ పాలు ఉంది.

నాకు బెంగ ఎక్కడంటే, మా ఇంటి పిల్లలకి లాకంటే ఫోను తెర మీద కనిపించే బొమ్మే. లాకుల దగ్గర దిగి అమ్మమ్మగారింటికి వచ్చే పిల్లలు కూడా ఆ పేరు ఎందుకొచ్చిందని అడగరు. చూపిద్దామంటే చూపించడానికి ఒక్క తలుపూ సరిగా లేదు. ఆత్రేయపురం దారిలో లొల్ల లాకులున్నాయి. కాలవ అక్కడ చీలుతుంది. పచ్చటి గట్లు, కొబ్బరిచెట్లు, నీటి హోరు. సినిమావాళ్ళు అక్కడ తీసిన పాటలకి లెక్కలేదు. పూతరేకులు కొనుక్కోవడానికి వచ్చినవాళ్ళు ఆగి ఫోటోలు దిగి వెళ్తారు. ఆ అందం వెనకున్న తెలివి ఏమిటో చెప్పే బోర్డు ఒకటుంటే, అందులోంచి పడవ ఎక్కి దిగడం కళ్ళారా చూపిస్తే ఎంత బావుంటుంది!

ఇది జరగని పనేమీ కాదు. కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా ఈ కాలవలని 2008లోనే జాతీయ జలమార్గంగా ప్రకటించారు. చట్టం ప్రకారం ఇవి ఇప్పటికీ పడవల దారులే. ఏటా వేసవిలో కాలవలు కట్టేస్తారు. అప్పుడు లాకుల తొట్టెలు అడుగుదాకా ఎండి, పునాది రాళ్ళతో సహా బయటపడతాయి. మరమ్మతుకి అంతకంటే మంచి అదను ఉండదు. నీటిపారుదల శాఖ ఇంజినీర్లకి, డెల్టా ప్రజాప్రతినిధులకి నా విన్నపం ఇదొక్కటే. అన్ని లాకులూ బాగుచేయమని అడగడం లేదు. ధవళేశ్వరంలోనో, విజ్జేశ్వరంలోనో, లొల్లలోనో ఒక్కదానికి పూడిక తీయించండి. పాత కొలతలకి సరిపోయే టేకు తలుపులు రెండు జతలు చేయించండి. ఆ పని తెలిసిన వడ్రంగులు, కమ్మరులు గోదావరి రేవుల్లో ఇంకా ఉన్నారు. ఉద్యోగాల నుంచి దిగిపోయిన పాత లస్కర్లున్నారు, వాళ్ళని పిలిపించి దూలం పట్టుకోమనండి. జూన్‌లో నీళ్ళు వదిలిన మొదటి వారం చుట్టుపక్కల బడిపిల్లల్ని పడవలో కూర్చోబెట్టి ఒక్కసారి ఎక్కించి దించండి. ఖర్చు పెద్దదేమీ కాదు. ఆలస్యం చేస్తే మాత్రం ఎలా చేయాలో చెప్పేవాళ్ళు మిగలరు.